ఊరు దాటిన ఫైళ్లు – 5వ భాగం: అరువు లేని కొట్టు

గత భాగంలో న్యూకాజిల్ దగ్గర ఆగాం. యూనిక్స్‌లో ఫైళ్ల చెట్టుకు మొదలు ఒక్కటే, దానికి పైన ఏమీ లేదు. ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో బ్రయాన్ రాండెల్ బృందం మాత్రం 1982లో ఆ మొదలుకు పైన ఇంకో మెట్టు ఉందనుకుంది. ఆ మెట్టెక్కి పక్క యంత్రంలోకి దిగే దారి చూపించింది. అంతకు ముందు పాలో ఆల్టోలో ఈథర్‌నెట్ తీగ ఎలా పుట్టిందో చెప్పుకున్నాం. అంటే 1980ల మొదటికే తీగ ఉంది, ఆ తీగ మీద నడిచే దారీ ఉంది. ఒక్క ప్రశ్న మాత్రం తేలలేదు. నా ఫైలు అవతలి యంత్రంలో తెరిచి ఉంది, నేను సగం చదివాను, ఇంతలో ఆ యంత్రం ఆగిపోయింది. అప్పుడు నా సంగతేమిటి?

ఈ ప్రశ్నకు అమెరికా పడమటి తీరంలో ఒక జవాబు, పిట్స్‌బర్గ్‌లో ఇంకో జవాబు దాదాపు ఒకే కాలంలో పుట్టాయి. ఒకదానికి ఒకటి పూర్తిగా ఎదురు. ఈ రోజు మన ఆఫీసుల్లో, కళాశాలల్లో, డేటా సెంటర్లలో ఫైళ్లు యంత్రాలు మారుతున్న పద్ధతికి పునాది ఆ తగవులోనే పడింది.

1984 వసంతానికి సన్ మైక్రోసిస్టమ్స్ వయసు రెండేళ్లు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నెట్‌వర్క్ అన్న మాటల మొదటి అక్షరాలతోనే ఆ పేరు ఏర్పడింది. వినోద్ ఖోస్లా, ఆండీ బెక్టల్‌షైమ్, స్కాట్ మెక్‌నీలీ 1982 ఫిబ్రవరిలో కంపెనీ పెట్టారు. బర్కిలీ యూనిక్స్‌కు ప్రాణం పోసిన బిల్ జాయ్ కొద్ది రోజులకే వచ్చి చేరాడు. వాళ్లు అమ్మేది వర్క్‌స్టేషన్. గదినిండా ఉండే పెద్ద యంత్రాన్ని వందమంది పంచుకునే కాలం పోయి, ఒక్కో ఇంజనీరు బల్ల మీద ఒక్కో యంత్రం ఉండాలన్నది ఆ కంపెనీ నమ్మకం.

కానీ యంత్రం బల్ల మీదికి వచ్చినంత సులువుగా డిస్కు రాలేదు. అప్పట్లో పేరున్న డిస్కు ఫుజిత్సు ఈగల్. అందులో పట్టేది 400 మెగాబైట్లకు అటూ ఇటూ. ఇప్పుడు ఫోనులో ఒక సినిమాకు కూడా చాలని చోటు అది. దాన్ని ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. శబ్దం, వేడి సరేసరి, ధర వేల డాలర్లు. ప్రతి బల్లకూ అలాంటిదొకటి కొనమంటే ఏ కంపెనీ కొంటుంది? అందుకే సన్ డిస్కు లేని యంత్రాలు తయారు చేసింది. బల్ల మీద తెర, కీబోర్డు, ప్రాసెసర్, మెమరీ ఉంటాయి. వెనక నుంచి ఒక ఈథర్‌నెట్ తీగ వెళ్తుంది. ఆ తీగ చివర ఎక్కడో యంత్రాల గదిలో ఈగల్ డిస్కు ఉన్న సర్వర్ ఉంటుంది. యంత్రం మెలకువ వచ్చీ రాగానే తన ఆపరేటింగ్ సిస్టమ్‌ను కూడా ఆ తీగ మీదనే తెచ్చుకోవాలి.

మొదట్లో దీనికి వాడిన పద్ధతి నెట్‌వర్క్ డిస్క్. సర్వర్ తన పెద్ద డిస్కును పొలం గట్లు వేసినట్టు ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఒక్కో యంత్రానికి రాసిచ్చేది. యంత్రం అడిగేది ఫైలు కాదు, ఫలానా నంబరు బ్లాకు. ఆ బ్లాకులో ఏ ఫైలు ఉందో సర్వర్‌కు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. దీనివల్ల వచ్చిన విచిత్రం చూడండి. పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్న ఇద్దరి ఫైళ్లూ ఒకే డిస్కులో, ఒకే ఇనుప పెట్టెలో తిరుగుతుంటాయి. అయినా ఒకరి ఫైలు ఇంకొకరికి కనపడదు. చదవడానికి మాత్రమే పనికొచ్చే ఉమ్మడి ముక్క ఒకటి ఉండేది. ఇద్దరూ రాసుకునే ఉమ్మడి చోటు లేదు. ఒకే ముక్కలో ఇద్దరు రాస్తే, రెండు యంత్రాలూ ఎవరి లెక్క వాళ్లు వేసుకొని ముక్క మొత్తాన్ని పాడుచేస్తాయి.

కాబట్టి పక్కవాడి ప్రోగ్రాము కావాలంటే కాపీ చేసుకోవడమే మార్గం. కాపీ చేసుకున్న క్షణం నుంచి అవి రెండు ఫైళ్లు. సాయంత్రానికి మూడు, వారానికి ఏడు. ఏది అసలుదో, తప్పు దిద్దినది ఏదో ఎవరికీ తెలియదు. జట్టుగా ప్రోగ్రాములు రాసే వాళ్లకు ఇది రోజూ ఉండే తలనొప్పి. పాత పెద్ద యంత్రాన్ని పంచుకున్నప్పుడు ఈ బాధ లేదు. అందరి ఫైళ్లూ అక్కడే ఉండేవి, ఎవరు దిద్దినా అందరికీ కనపడేది. సొంత యంత్రం వచ్చింది గానీ, ఉమ్మడి ఇంటి సౌకర్యం పోయింది.

ఆ సౌకర్యాన్ని తిరిగి తెచ్చే పని 1984 మార్చిలో మొదలైంది. రస్సెల్ శాండ్‌బర్గ్, డేవిడ్ గోల్డ్‌బర్గ్, స్టీవ్ క్లైమన్, డాన్ వాల్ష్, బాబ్ లయన్ అన్న అయిదుగురి పేర్లతో మరుసటి ఏడు పోర్ట్‌లండ్‌లో జరిగిన యూసెనిక్స్ సదస్సులో వెలువడిన వ్యాసం ఆ కథంతా చెబుతుంది. ముందు ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌ను చీల్చారు. అప్పటివరకు యూనిక్స్ కెర్నల్‌కు ఫైలంటే తన డిస్కులోని ఫైలే. ఆ నమ్మకం లోపల వందచోట్ల అల్లుకొని ఉంది. క్లైమన్ దాన్ని విప్పి, ఫైలు ఎక్కడిదైనా కెర్నల్‌కు ఒకేలా కనిపించే ముఖద్వారం కట్టాడు. దాని పేరు వీనోడ్. ఆ ద్వారం వెనక సొంత డిస్కు ఉండొచ్చు, తీగకు అవతలి సర్వర్ ఉండొచ్చు, ప్రోగ్రాముకు తేడా తెలియదు. జూన్ నాటికి ఈ కొత్త కెర్నల్ నడిచింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి యూనిక్స్, నేటి లినక్స్ కూడా ఈ ఆలోచనను ఏదో రూపంలో మోస్తూనే ఉన్నాయి. ఈ కథలో అందరికంటే తక్కువ పేరొచ్చిన గొప్ప పని ఇదేనని నా అభిప్రాయం.

ఇక అసలు ప్రశ్న. సర్వర్ ఏం గుర్తుపెట్టుకోవాలి?

మన ఊళ్లలో కిరాణా కొట్లు రెండు రకాలు. ఒక కొట్లో ఖాతా పుస్తకం ఉంటుంది. ఎవరు ఎంత పట్టుకెళ్లారో, ఎంత బాకీయో షావుకారు అందులో రాసుకుంటాడు. ఇంకో కొట్లో ‘అరువు రేపు’ అన్న బోర్డు ఉంటుంది. డబ్బు ఇవ్వు, సరుకు తీసుకో, అక్కడితో సరి. మొదటి కొట్టు తగలబడి పుస్తకం కాలిపోతే ఊరంతా తగవులే. రెండో కొట్టు తగలబడినా, రేపు పక్క సందులో మళ్లీ తెరిస్తే బేరం మామూలుగా సాగిపోతుంది.

సన్ ఇంజనీర్లు రెండో కొట్టు పెట్టారు. యూనిక్స్‌లో ఫైలు తెరిస్తే, ఎవరు తెరిచారో, ఎంతవరకు చదివారో కెర్నల్ రాసుకుంటుంది. వీళ్ల ప్రోటోకాల్‌లో తెరవడం అన్న మాటే లేదు, మూయడమూ లేదు. క్లయింట్, అంటే ఫైలు అడిగే యంత్రం, ప్రతిసారీ పూర్తి వివరం చెప్పుకోవాలి: ఈ గుర్తున్న ఫైలులో, ఇన్నో బైటు నుంచి, ఇన్ని బైట్లు ఇవ్వు. సర్వర్ ఇస్తుంది, మరచిపోతుంది. ఎంతవరకు చదివామన్న లెక్క క్లయింట్ తన దగ్గరే ఉంచుకుంటుంది. జవాబు రాకపోతే అదే ప్రశ్న మళ్లీ అడుగుతుంది. సర్వర్ పడిపోయి, లేచి, పావుగంట తర్వాత జవాబిచ్చినా క్లయింట్‌కు అది నెమ్మదిగా ఉన్న సర్వరే. ఒకే బైట్లను రెండుసార్లు చదివినా, ఒకే చోట ఒకే మాటను రెండుసార్లు రాసినా నష్టం లేదు.

ఈ పద్ధతికి నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ అన్న పేరు పెట్టారు. మూడక్షరాల్లో ఎన్ఎఫ్ఎస్. 1985లో రెండో వెర్షన్ మార్కెట్టులోకి వచ్చింది. మొదటిది కంపెనీ గడప దాటలేదు. మొత్తం 18 ఆజ్ఞలు, ఒక్కో ఫైలుకు 32 బైట్ల గుర్తు, ఒక విడతలో 8 కిలోబైట్ల వరకు సమాచారం. ఇంతటి చిన్న ప్రోటోకాల్‌ను ఒక మంచి ఇంజనీరు కూర్చొని తన యంత్రానికి మార్చుకోగలడు. సన్ కూడా తలుపు తెరిచే ఉంచింది. నియమాలను బయటపెట్టింది, కింది పొరల కోడ్‌ను పంచింది, పోటీ కంపెనీలకూ లైసెన్సు ఇచ్చింది. 1986 నుంచి కనెక్టథాన్ పేరిట ఏటా ఒక హాలు తీసుకునేది. ఒకరికొకరు పోటీదారులైన కంపెనీల ఇంజనీర్లు తమతమ యంత్రాలు మోసుకొచ్చి, ఒకే తీగకు కట్టి, ఎవరిది ఎవరితో మాట్లాడటం లేదో పట్టుకొని అక్కడికక్కడే దిద్దుకునేవారు.

ఖాతా పుస్తకం కొట్టు తెరిచింది యూనిక్స్ పుట్టింటివాళ్లే, అంటే ఏటీ అండ్ టీ. వాళ్ల సొంత యూనిక్స్ అయిన సిస్టమ్ ఫైవ్ మూడో విడుదలతో వచ్చిన పద్ధతి రిమోట్ ఫైల్ షేరింగ్. వాళ్ల పట్టుదల వేరు. దూరపు ఫైలు దగ్గరి ఫైలుకు వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా ప్రవర్తించాలి. తాళం వేస్తే తాళం పడాలి, తెరిచి ఉన్న ఫైలును ఎవరైనా చెరిపినా చదివేవాడికి అందుతూనే ఉండాలి. అవతలి యంత్రానికి ఉన్న టేపు డ్రైవు కూడా నాదే అన్నట్టు వాడుకోగలగాలి. ఇవన్నీ చక్కగా జరిగాయి. కానీ అందుకోసం సర్వర్ ఎవరు ఏం తెరిచారో అంతా గుర్తుపెట్టుకోవాలి. సర్వర్ పడిందా, ఆ జ్ఞాపకమంతా పోయినట్టే, తెరిచిన ఫైళ్లన్నీ చేతి నుంచి జారిపోయినట్టే. పైగా తీగ మీద నడిచేది సిస్టమ్ ఫైవ్ సొంత భాష. వేరే ఆపరేటింగ్ సిస్టమ్ దానితో మాట్లాడాలంటే తానే సిస్టమ్ ఫైవ్ కావాలి. ఎన్ఎఫ్ఎస్ 1986 కల్లా మామూలు పీసీల్లోకి, డాస్ కిందికి కూడా వచ్చేసింది. ఏ పద్ధతి యూనిక్స్‌కు ఎక్కువ నిజాయితీగా ఉందంటే ఏటీ అండ్ టీదే. ఏది గెలిచిందంటే ఎన్ఎఫ్ఎస్. 1980ల చివర వచ్చిన సిస్టమ్ ఫైవ్ నాలుగో విడుదలలో ఏటీ అండ్ టీ తన పద్ధతి పక్కనే ఎన్ఎఫ్ఎస్‌నూ పెట్టుకోక తప్పలేదు.

గెలిచిందని లోపాలు పోలేదు. ఫైలు చెరపమని అడిగిన క్లయింట్‌కు జవాబు దారిలో పోయిందనుకోండి. అది మళ్లీ అడుగుతుంది. సర్వర్ అప్పటికే చెరిపేసింది కానీ ఆ సంగతి దానికి గుర్తులేదు. అలాంటి ఫైలే లేదంటుంది. పని సవ్యంగా జరిగినా ప్రోగ్రాముకు పొరపాటు కబురు చేరుతుంది. ఇటీవలి కోరికలను కాసేపు గుర్తుంచుకునే చిన్న పట్టీ ఒకటి తర్వాత సర్వర్లలో పెట్టాల్సి వచ్చింది. తాళాలు వేయాలంటే ఎవరు వేశారో గుర్తుండాలి కదా! దానికి ప్రోటోకాల్ బయట వేరే సేవకులను నియమించారు. తెరిచి ఉన్న ఫైలును ఆ యంత్రంలోనే ఎవరైనా చెరిపితే, క్లయింట్ దాన్ని చెరపకుండా చుక్కతో మొదలయ్యే వింత పేరు పెట్టి దాచేది. మధ్యలో క్లయింట్ ఆగిపోతే ఆ ఫైళ్లు అనాథల్లా మిగిలేవి. సర్వర్ మరచిపోవచ్చంటే డిస్కు మీద రాశాకే ‘రాశాను’ అనాలి. అందువల్ల ప్రతి రాతా నత్తనడకే. ఆ నడకకు మందు వేసిందీ ఆ ఇంట్లోవాళ్లే. శాండ్‌బర్గ్, లయన్ మరో ఇద్దరితో కలిసి 1988లో లెగాటో అనే కంపెనీ పెట్టారు. కరెంటు పోయినా మరచిపోని మెమరీ కార్డు ఒకటి చేసి, రాతలను ముందు అందులో పట్టి సర్వర్‌ను పరుగెత్తించారు.

ఇక నిత్యజీవితం. సర్వర్ మళ్లీ లేచేదాకా అడుగుతూ ఉండడమే క్లయింట్ ధర్మమైతే, ఆ మధ్యలో మనిషి ఏం చేయాలి? చూస్తూ కూర్చోవాలి. ఫలానా సర్వర్ జవాబివ్వడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాను అన్న ఒక వాక్యం తెర మీద పడేది. ఆ తర్వాత కర్సర్ కూడా కదలదు. 1990లలో నేను చదువుకున్న కళాశాల ల్యాబులో ఈ వాక్యం ఒకేసారి ఇరవై తెరల మీద పడిన మధ్యాహ్నాలు నాకు బాగా గుర్తు. అందరం కుర్చీలు వెనక్కి జరిపి, సర్వర్ గది తాళంచెవి ఉన్న మనిషి కోసం చూసేవాళ్లం. కాసేపటికి సర్వర్ బాగుందన్న ఇంకో వాక్యం వచ్చేది. టైపు చేస్తూ వదిలేసిన అక్షరం దగ్గర నుంచే పని మళ్లీ మొదలయ్యేది, ఒక్క మాట కూడా పోకుండా. ఆ రెండో వాక్యం వెనకున్న ఇంజనీరింగు విలువ నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. ఎక్కడో ఉందని కూడా తెలియని యంత్రం చెడిపోయి నీ యంత్రాన్ని పనికిరాకుండా చేస్తే అదే డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్ అని కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1987లో ఒక ఈమెయిలులో నిర్వచించాడు. ఆ కాలపు ప్రయోగశాలల్లో కూర్చున్న వాళ్లెవరికీ దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇప్పుడు పిట్స్‌బర్గ్ వెళ్దాం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అప్పటికి కొన్నేళ్లుగా ఒక కొలమానం వినపడుతోంది. సెకనుకు పది లక్షల ఆజ్ఞలు, పది లక్షల బైట్ల మెమరీ, పది లక్షల చుక్కల తెర ఉన్న యంత్రం ఒక్కో మనిషికి ఒక్కోటి ఉండాలి. మూడు ‘ఎం’ల యంత్రం అన్నారు దాన్ని. ఈ కొలమానం చెప్పినవాళ్లలో ముందు నిలిచిన పేరు మనకు బాగా తెలిసినదే, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. అలాంటి యంత్రాలు క్యాంపస్‌లో ప్రతి విద్యార్థికీ అందాలని 1982 అక్టోబరులో ఆ విశ్వవిద్యాలయం ఐబీఎంతో ఒప్పందం చేసుకుంది. ఆండ్రూ కార్నెగీ, ఆండ్రూ మెలన్ ఇద్దరి పేరూ కలిసొచ్చేలా ఆ ప్రాజెక్టుకు ఆండ్రూ అని పేరు పెట్టారు. జెరాక్స్ నుంచి వచ్చిన జేమ్స్ మోరిస్ దానికి సారథి. ఫైళ్ల సంగతి చూసినవాళ్లలో మద్రాసు ఐఐటీలో చదివి వచ్చిన మహదేవ్ సత్యనారాయణన్ ముఖ్యుడు. అందరూ సత్య అని పిలిచేవారు.

సన్ వాళ్ల ముందున్నది ఒక ఆఫీసు. ఇరవై ముప్పై మంది, ఒకరికొకరు తెలిసినవాళ్లు, ఒకే తీగ. అందుకే ఎన్ఎఫ్ఎస్ సర్వర్ క్లయింట్ చెప్పిన మనిషి నంబరును నమ్మేసేది. సత్య ముందున్నది 5,000కు పైగా యంత్రాల క్యాంపస్. ప్రతి యంత్రమూ ఒక కుర్ర విద్యార్థి చేతిలో ఉంటుంది. కాబట్టి ఏ యంత్రాన్నీ నమ్మకూడదు, తాళం వేసిన గదుల్లోని సర్వర్లను మాత్రమే నమ్మాలి. విద్యార్థి లైబ్రరీలో కూర్చున్నా, హాస్టల్లో కూర్చున్నా, తన పేరు చెబితే తన ఫైళ్లు అదే దారిలో అక్కడ కనపడాలి. సర్వర్లను పెంచుకుంటూ పోతే ఖర్చు భరించలేం కాబట్టి ఒక్కో సర్వర్ వీలైనంత ఎక్కువమందిని మోయాలి.

వాళ్ల జవాబు: ముక్కలు అడగొద్దు, ఫైలంతా ఒకేసారి తెచ్చుకొని నీ డిస్కులో పెట్టుకో. చదువు, దిద్దు, మూసేటప్పుడు తిరిగి పంపు. సన్ వదిలించుకున్న డిస్కును వీళ్లు ప్రతి బల్ల మీదా మళ్లీ పెట్టారు, కాకపోతే అది సొంత ఇల్లు కాదు, అద్దె గది.

ఇక్కడే కథ నాకు అన్నిటికంటే ఇష్టమైన మలుపు తిరుగుతుంది. రెండు బృందాలూ తమ సర్వర్లను కొలిచి చూసుకున్నాయి. ఎన్ఎఫ్ఎస్ మొదటి రూపంలో సర్వర్‌కు వచ్చే కోరికల్లో పదింట తొమ్మిది ఫైలు కోసం కాదు, ఫైలు వివరాల కోసం. పిట్స్‌బర్గ్‌లో ఆండ్రూ మొదటి రూపం వాడినవాళ్లు 400 మంది, యంత్రాలు 100, సర్వర్లు 6. అక్కడ కొలిస్తే కోరికల్లో 61.7 శాతం ఒకే ప్రశ్న: నా దగ్గరున్న కాపీ ఇంకా చెల్లుతుందా? రెండు చోట్లా, రెండు వేర్వేరు పద్ధతుల్లోనూ ఒకే జబ్బు. యంత్రాలు సరుకు కోసం కాదు, అనుమానం తీర్చుకోవడానికి సర్వర్ గుమ్మం ఎక్కుతున్నాయి. ఆ అనుమానమే సర్వర్‌ను నలిపేస్తోంది.

మందు దగ్గర దారులు చీలాయి. సన్ క్లయింట్‌ను కాసేపు కళ్లు మూసుకోమంది. ఒకసారి తెలుసుకున్న వివరాలను కొన్ని సెకన్లపాటు నిజమనుకో, మళ్లీ మళ్లీ అడగకు. ఆ కొన్ని సెకన్లలో పక్కవాడు ఫైలు మారిస్తే నీకు పాతదే కనపడుతుంది, సర్దుకో. సర్వర్ మతిమరుపు అలాగే నిలిచింది. పిట్స్‌బర్గ్ బృందం సర్వర్‌తో మాట ఇప్పించింది. నీకు కాపీ ఇచ్చానని గుర్తుంచుకుంటాను, అది మారిన క్షణంలో నేనే కబురు చేస్తాను, అప్పటిదాకా నువ్వు అడగనక్కర్లేదు. కాల్‌బ్యాక్ అన్నారు దాన్ని. ఒక్కో సర్వర్ 20 యంత్రాలు మోయడమే కష్టమైన చోట, ఈ మార్పుతో 50 మోయగలిగింది. మాట ఇచ్చాక ఆ మాట గుర్తుంచుకోవాలి. సర్వర్ పడిలేస్తే ఇచ్చిన మాటలన్నీ పోతాయి, క్లయింట్లు మళ్లీ అడిగి సరిచూసుకోవాలి. ఆ బరువు వాళ్లు తెలిసే ఎత్తుకున్నారు.

1987 నవంబరులో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పరిశోధకులు సమావేశమైనప్పుడు సత్య బృందం రెండిటినీ పక్కపక్కన పెట్టి కొలిచిన అంకెలు బయటపెట్టింది. తక్కువ యంత్రాలున్నప్పుడు పెద్ద తేడా లేదు. యంత్రాలు పెరిగేకొద్దీ ఎన్ఎఫ్ఎస్ సర్వర్ ప్రాసెసర్ ఊపిరాడని స్థితికి చేరింది, ఆండ్రూ సర్వర్ సగం కూడా అలవలేదు. కొలిచింది ఒక పక్షం వాళ్లేనన్నది నిజమే.

అయినా లోకం ఎన్ఎఫ్ఎస్‌నే కొనుక్కుంది. ఎందుకంటే లోకంలో 5,000 యంత్రాల క్యాంపస్‌లు కొన్నే, ఇరవై ముప్పై యంత్రాల ఆఫీసులు లక్షలు. ఎన్ఎఫ్ఎస్ ప్రతి యూనిక్స్ పెట్టెలోనూ వచ్చేది, ఓ మధ్యాహ్నంలో నడిచేది. ఆండ్రూ కావాలంటే నియమాలు, సర్వర్లు, గుర్తింపు వ్యవస్థ అన్నీ ముందే పేర్చుకోవాలి. 1989లో దాన్ని ట్రాన్సార్క్ అనే కంపెనీగా పిట్స్‌బర్గ్‌లో అమ్మకానికి పెట్టారు. తర్వాత అది ఐబీఎం చేతికి వెళ్లింది, 2000లో కోడ్ అందరికీ తెరిచారు. పెద్ద విశ్వవిద్యాలయాలు, పరిశోధనశాలలు దాన్ని వదల్లేదు. ఎన్ఎఫ్ఎస్ కూడా చివరకు గుర్తుపెట్టుకోవడం నేర్చుకుంది. 2000లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో ఫైలు తెరవడం, మూయడం, తాళాలు ప్రోటోకాల్ లోపలికే చేరాయి. అరువు లేని కొట్లో పదిహేనేళ్లకు ఖాతా పుస్తకం తెరిచారన్నమాట.

కానీ 1987కే పిట్స్‌బర్గ్‌లో సత్య మనసు ఇంకో వైపు మళ్లింది. ఫైలంతా ఎలాగూ నా డిస్కులోనే ఉంది కదా. అలాంటప్పుడు తీగ తెగినా, సర్వర్ పడినా నేను పని ఎందుకు ఆపాలి? అప్పుడప్పుడే ఒడిలో పెట్టుకొని తిరిగే కంప్యూటర్లు వస్తున్నాయి. తీగ ఊడదీసి, రైలెక్కి, అక్కడ ఫైళ్లు దిద్దుకొని తిరిగొస్తే? ఈలోగా అదే ఫైలును ఆఫీసులో ఇంకొకరు దిద్ది ఉంటే? ఆ ప్రశ్నల నుంచి పుట్టిన కోడా కథ, ప్రయాణానికి ముందు అటక మీద సరుకు సర్దినట్టు ఫైళ్లు నింపుకున్న యంత్రాల కథ, వచ్చే భాగంలో.